ముల్లును ముల్లుతో

గ్రామపెద్దలారా! హైదరాబాదునకు వచ్చినప్పుడు చిక్కడపల్లి మీదుగా నారాయణగూడకు వెళ్లినచో, అచ్చట ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అను ప్రభుత్వసంస్థ కలదు. త్రాగునీటిలోని క్రిములను పరీక్షించుట దాని పనులలో నొకటి. ఇట్టి నీటి పరీక్షయే పూర్వ మొక వింతను బయల్పఱచినది.

1896లో ఆగ్రాయందలి హాంకిన్ అను శాస్త్రజ్ఞుడు గంగాయమునల నీటిలో కలరా క్రిములను వేసి చూచెను. కాచని నీటిలో నవి కొద్ది గంటలలో నశించెను. కాచిన నీటిలో నశింపలేదు. నిజమైన కారణ మాయన కంతుపట్టలేదు. 1917లో పారిస్ నగరమున డెరెల్ అను నాయన, రక్తవిరేచనములు కలిగించు బాక్టీరియాను చంపు వైరసును గుర్తించి, బాక్టీరియాను భక్షించునది యను నర్థమున దానికి బాక్టీరియోఫేజ్ అని పేరిడెను. ఇది బాక్టీరియాపై వ్రాలి, తన బీజమును లోనికి చొప్పించి, అచ్చటనే సంతతిని పెంచి, తుదకు దానిని పగులగొట్టుకొని వెలువడును. ముల్లును ముల్లుతో తీయుట యన నిదియే! 1927లో డెరెల్ మన దేశమునకే వచ్చి, పంజాబులో కలరా రోగులకు దీని నిచ్చి చూచెను.

మఱి యీ చికిత్స యేల మఱుగుపడెను? ఒక్కొక్క ఫేజ్ కొన్ని బాక్టీరియాలనే చంపగలదు. ఏ రోగి కేది తగునో వెదకవలెను. ఇంతలో పలురోగముల నొక్కటే మాన్పు యాంటీబయోటిక్కులు వచ్చినవి. భీమవరమున 1895లో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనాధిపతిగా నున్న అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలనుండియే 1948లో ఆరియోమైసిన్ వెలువడెను. జార్జియాదేశపు టిబిలిసి వంటి కొన్ని చోట్ల దప్ప, లోకము ఫేజ్‌ను మఱచెను.

అంత గొప్ప మందుల నైనను మనము పదిలపఱచుకొనలేదు. హైదరాబాదు చెంతనున్న పటాన్‌చెరులో, మందుల కర్మాగారముల మురుగును శుద్ధిచేయు కేంద్రమునుండి వెలువడు నీట లీటరునకు 31 మిల్లీగ్రాముల వఱకు సిప్రోఫ్లాక్ససిన్ ఉన్నట్లు 2007లో పరిశోధకులు ప్రకటించిరి. మందులో నిత్యము మునిగిన బాక్టీరియాలలో బలహీనములు చచ్చును. మందుకు లొంగనివి మిగిలి వృద్ధిపొందును. వైద్యుని యడుగక అంగడిలో మాత్రలు కొని మ్రింగుటవలనను ఇదియే జరుగును.

అందుచే లోక మిప్పుడు పాత ముల్లును మరల వెదకుచున్నది. 2016లో అమెరికాలోని శాన్ డియాగోలో, ఏ మందునకును లొంగని బాక్టీరియాచే మరణోన్ముఖుడై యున్న టామ్ ప్యాటర్సన్ అను ఆచార్యుడు ఫేజ్ చికిత్సచే బ్రదికెను. అయినను ఇది యింకను సర్వత్ర లభించు వైద్యము కాలేదు.

కావున పెద్దలారా, నదీజలమును కాచక త్రాగవచ్చునని దీని కర్థము చెప్పుకొనకుడు. నీటిని కాచియే త్రాగుడు. వైద్యుడు వ్రాయని యాంటీబయోటిక్ మాత్రను మీ యింట నెవ్వరిని మ్రింగనీయకుడు. క్రొత్త యాయుధము చేతికి వచ్చువఱకు ఉన్న యాయుధమును మొద్దువాఱనీయకుండుటయే వివేకము.