మన పెద్దల పద్దు: అమ్ఘరా నుండి తోటల దాకా

కువైట్ నగరానికి పడమరగా, జహ్రా ప్రాంతంలో అమ్ఘరా అనే పారిశ్రామిక వాడ ఒకటి ఉన్నది. పాత ఇనుము, పనికిరాని యంత్రాలు, తుక్కు సామాను అక్కడ గుట్టలు గుట్టలుగా పడి ఉంటాయి. ఒక సంపన్న దేశం ఇక అక్కరలేదని వదిలివేసిన వస్తువులు చేరే చోటు అది. అటువంటి వాడల్లో చెమటోడ్చేవారిలో అధికులు పరదేశీయులే. ఆ దేశంలో మన తెలుగువారు, ముఖ్యంగా పాత కడప, చిత్తూరు, గోదావరి జిల్లాలవారు, దశాబ్దాలుగా పనిచేస్తున్నారు. మగవారు డ్రైవర్లుగా, కూలీలుగా, ఆడవారు ఇళ్ళలో పనివారుగా వెళ్ళారు.

వారి గురించి తోటకూలీల సంతతివారమైన మనం ఎందుకు చెప్పుకోవాలి? వారి సంచిలో ఉన్న ప్రశ్న, నూరేళ్ళకు పైబడి మన పెద్దల సంచిలో ఉన్న ప్రశ్న ఒక్కటే గనుక. చేతికి వచ్చేది కొద్ది. ఇంటివద్ద ఎదురుచూసే నోళ్ళు ఎక్కువ. అప్పుడు దేన్ని కొనాలి, దేన్ని మానుకోవాలి?

ఈ రోజుల్లో ‘అనవసరపు ఖర్చులు తగ్గించండి’ అనే సలహా అందరూ ఇస్తారు. మంచి సలహాయే. కాని ఆ సలహాను మన చరిత్ర పక్కన పెట్టి చూస్తే మరొక ప్రశ్న పుడుతుంది. ఏది అనవసరమో నిర్ణయించేది ఎవరు? మానుకున్న ఖర్చు తాలూకు డబ్బు చివరకు ఎవరి చేతిలో మిగిలింది? ఈ రెండు ప్రశ్నలకు మన పెద్దల పద్దు ఏమి జవాబు చెబుతుందో ఈ వ్యాసంలో చూద్దాం.

మొదట మారిషస్ సంగతి. 1834 తరువాత అక్కడికి వెళ్ళిన తొలినాటి కూలీల ఒప్పందాల్లో మగవానికి నెలకు ఐదు రూపాయల జీతం. దానితోపాటు దినానికి సుమారు రెండు పౌన్ల బియ్యం, అర పౌను పప్పు, కొంచెం ఉప్పు, నూనె. తిరుగు ప్రయాణపు ఖర్చుకని నెలకొక రూపాయి ముందే పట్టి ఉంచేవారు. ఇక 1847 నాటి శాసనంతో వచ్చిన ‘రెట్టింపు కోత’ ఎంత కఠినమైనదో మన ఇళ్ళలో ముసలివారు చెప్పగా విన్నవారు ఉంటారు. ఒక్క రోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం పోయేది. జ్వరంతో పడుకున్నా, తగిన కారణం చూపలేకపోతే అదే లెక్క.

నాతాల్ సంగతి చూడండి. 1860 నవంబరు 16వ తేదీన మద్రాసు నుండి ‘ట్రూరో’ ఓడ డర్బన్ చేరింది. మొదటి ఏడు నెలకు పది షిల్లింగులు, రెండవ ఏడు పదకొండు, మూడవ ఏడు పన్నెండు. ఈ లెక్కన కడుపు కట్టుకుని నాలుగు షిల్లింగులు వెనకేసినవారు ఉన్నారు. అయితే 1895లో అక్కడి ప్రభుత్వం ఒక చట్టం చేసింది. ఒప్పందం ముగిసిన తరువాత తిరిగి ఒప్పందంలో చేరక, ఇండియాకు మరలక అక్కడే నిలిచిపోయేవారు ఏటా మూడు పౌన్ల పన్ను కట్టాలన్నది. మూడు పౌన్లంటే అరవై షిల్లింగులు. పది షిల్లింగుల జీతగానికి అది ఆరు నెలల కష్టం! ఒక మనిషి ఎంత పొదుపరి అయినా, ఏ తాంబూలమూ వేయక, ఏ కొత్త బట్టా కొనక మిగిల్చినా, ఆ మిగులు సర్కారు పెట్టెలోకి పోవడానికి దారి వేశారన్నమాట. 1913 నాటి గొప్ప సమ్మె జరిగి, 1914లో చట్టం వచ్చేదాకా ఆ పన్ను తొలగలేదు.

ఈ రెండు ఉదాహరణలు ఎందుకు చెప్పామంటే, మన పెద్దల లేమిని పొదుపు అని పొరబడకూడదు. పస్తును పొదుపు అనరు. యజమాని కోసినదాన్ని కూలీ ‘మిగిల్చాడు’ అనడం న్యాయం కాదు. తన చేతికి వచ్చిన డబ్బులో నుండి, తన ఇష్టంతో, తన ప్రయోజనం కోసం ఆపుకున్నదే పొదుపు.

అటువంటి నిజమైన పొదుపు కూడా మనవారు చేశారు. మొదటి రూపం నగలు. పాత ఛాయాచిత్రాల్లో మారిషస్, నాతాల్ తోటల స్త్రీలను చూడండి. చిరిగిన చీరె, చేతులకు వెండి కడియాలు, మెడలో కాసులు. తెల్లవారు అది చూసి ‘కూలీ ఆడవారికి ఆడంబరం’ అనుకొని ఉండవచ్చు. కాని అది ఆడంబరం కాదు. బ్యాంకు గుమ్మం ఎక్కలేని మనిషికి మెడే బ్యాంకు. జబ్బు వచ్చినా, ఓడ ఛార్జీ కావాలన్నా, రెండెకరాల చెక్క అమ్మకానికి వచ్చినా ఆ కడియమే కరిగేది. పందొమ్మిదవ శతాబ్దం చివరి దశాబ్దాల్లో మారిషస్ తోటల యజమానులు తమ భూములను ముక్కలు చేసి అమ్మినప్పుడు, వాటిని కొని చెరకు వేసినవారిలో పాత కూలీలు, వారి బిడ్డలే ఎందరో ఉన్నారు. పైకి దుబారాగా కనబడిన వస్తువు నిజానికి నిలవగా ఉండిన పంట. కనుక ఒక ఖర్చును అనవసరమని తీర్పు చెప్పే ముందు అది ఆ ఇంటికి ఏ పని చేస్తున్నదో విచారించాలి.

ఇక మన మలయా తోటల సంగతికి వద్దాం. ఇక్కడ ఒప్పందపు కూలీ విధానం 1910లో ఆగినా, కంగాణి చేతి కింద మనవారు వస్తూనే ఉన్నారు. లైనిళ్ళు, రబ్బరు చెట్లు, తెల్లవారుజామున పేరు పిలుపు. జీతం రోజున దొర ఇచ్చిన డాలర్లు ఇంటికి చేరేలోపు రెండు వాకిళ్ళు దాటాలి. ఒకటి అప్పు పద్దున్న దుకాణం. రెండవది కల్లు దుకాణం. చాలా తోటల్లో అది తోట హద్దులోనే ఉండేది. ఒళ్ళు నొప్పులకు ఒక గ్లాసు అని మొదలై, జీతంలో పెద్ద భాగం అక్కడే ఇంకిపోయేది. తాగినవాడిని తప్పుపట్టడం తేలిక. కాని దుకాణాన్ని ఇంటి ముంగిట పెట్టి, చేతిలో డబ్బు పడిన సాయంత్రమే తలుపు తెరిచి ఉంచినదెవరో కూడా పద్దులో రాయాలి.

ఈ సత్యాన్ని తోటకూలీలు స్వయంగా గ్రహించారు. 1941లో క్లాంగ్ ప్రాంతపు తోటల్లో జరిగిన సమ్మెల్లో కూలీలు అడిగినవి జీతం పెంపు, మర్యాద మాత్రమే కాదు. కల్లు దుకాణాలు మూయాలని కూడా అడిగారు. గమనించదగిన విషయం ఇది. జీతం పెంచమన్న నోటితోనే, ఆ జీతం పోయే కన్నం మూయమన్నారు. రాబడిని, ఖర్చును ఒకే పద్దులో చూసిన తెలివి అది.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత మరొక పరీక్ష ఎదురైంది. 1957 ముందు వెనకల తెల్ల యజమానులు తోటలను అమ్మివేసి వెళ్ళసాగారు. కొన్నవారు వాటిని ముక్కలు చేసేవారు. తోట ముక్కలైతే పని పోతుంది, లైనిల్లు పోతుంది. పుట్టినది మొదలు అక్కడే పెరిగినవారు ఒక్కసారిగా నీడ లేనివారవుతారు. ఆ సమయంలో తున్ వి.టి. సంబంధన్ నాయకత్వంలో 1960లో జాతీయ భూ ఆర్థిక సహకార సంఘం ఏర్పడింది. ‘తోట మనమే కొందాం’ అన్నదే దాని ఆలోచన. కూలీ దగ్గర వంద డాలర్లు ఎక్కడివి? అందుకని వాటాను పదేసి డాలర్ల వాయిదాల్లో కట్టనిచ్చారు. సంబంధన్ తోట తోటకూ తిరిగి చెప్పారు. 1961లో కెడా రాష్ట్రంలోని బుకిత్ సిదిమ్ తోటను ఆ సంఘం కొన్నది. తరువాత మరికొన్ని తోటలు చేరాయి.

పదేసి డాలర్లు! కొత్త చీరె కొనని ఇల్లాలు, సినిమాకు వెళ్ళని కుర్రవాడు, కల్లు దుకాణం ముందునుండి తల తిప్పకుండా నడిచిపోయిన తండ్రి ఆ డాలర్లలో ఉన్నారు. ఒక్కొక్కరి వద్ద ఉంటే అవి నెల తిరిగేలోగా ఖర్చయ్యేవే. వందలమంది కలిపినప్పుడు, పాలు తీసిన చెట్టు కింద నిలబడి ‘ఇందులో నాకు వాటా ఉన్నది’ అనగలిగారు. ఆ రోజుల్లో కట్టిన రశీదులు ఎవరి ఇళ్ళలోనైనా మిగిలి ఉంటే, వాటిని పారవేయవద్దని పాఠకులకు మా మనవి. అవి తుక్కు కాగితాలు కావు.

మాతృదేశంలోనూ ఇటువంటి ఘట్టమొకటి ఉన్నది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట గ్రామపు స్త్రీలు అక్షరాస్యతా తరగతుల్లో అక్షరాలు నేర్చుకుంటూనే తమ ఇంటి కష్టాలకు మూలం సారాయి అని తేల్చుకున్నారు. ఆ ఊరి రోశమ్మ పేరు ఆంధ్రదేశమంతా మారుమోగింది. స్త్రీలు కదిలి సారా వేలాలను అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారాయి నిషేధం వచ్చింది. ఆ స్త్రీలు అక్కడితో ఆగలేదు. సారాయికి పోకుండా మిగిలిన డబ్బులో దినానికొక రూపాయి చొప్పున ‘పొదుపు లక్ష్మి’ సంఘాల్లో దాచుకున్నారు. తరువాతి కాలంలో ఆంధ్రదేశంలో వ్యాపించిన మహిళా పొదుపు సంఘాలకు అది ఒక బలమైన మొదలు. క్లాంగ్ తోటల కూలీలు అర్ధశతాబ్దం ముందు అడిగినదే నెల్లూరు పల్లెల తల్లులు మళ్ళీ అడిగారు. ఇద్దరూ ఒకరినొకరు ఎరుగరు. కష్టం ఒక్కటే గనుక ఆలోచనా ఒక్కటే అయింది.

ఇప్పుడు తిరిగి కువైట్ వెళదాం. ఆ దేశం మనకు పూర్తిగా పరాయిదేమీ కాదు. 1961లో దీనారు వచ్చేదాకా అక్కడి బజారులో చెల్లినది మన రూపాయే. 1959 నుండి రెండేళ్ళు రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసం వేరుగా ముద్రించిన రూపాయి చెల్లింది. చమురు సంపదతో కాలం తిరిగింది. ఇళ్ళలో పనిచేసేవారి కోసం 2015లో చట్టం చేసి, 2016లో కనీస వేతనం నెలకు 60 దీనార్లని నిర్ణయించారు. రూపాయల్లోకి మార్చి చెబితే ఊరివారికి అది పెద్ద సొమ్ముగా వినిపిస్తుంది. ఏజెంటు అప్పు, దాని వడ్డీ, ఇంటి ఖర్చు తీసివేసి చూస్తే ఎంత చిన్నదో తెలుస్తుంది.

మన పెద్దలకు, ఈనాటి కువైట్ తెలుగువారికి ఒక పెద్ద భేదం ఉన్నది. మనవారు కాలు మోపిన నేలనే చివరకు సొంతం చేసుకోగలిగారు. మారిషస్‌లో చెరకు చెక్క కొన్నారు, ఇక్కడ తోటలో వాటా కొన్నారు. కువైట్‌లోని మన కూలీకి ఆ భాగ్యం లేదు. ఎన్నేళ్ళు చాకిరీ చేసినా నేల అతనిది కాదు, పౌరసత్వమూ అందదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం దండెత్తినప్పుడు ఇది కళ్ళకు కట్టినట్టు తెలిసింది. లక్షన్నరకు పైగా భారతీయులను విమానాల్లో స్వదేశం చేర్చవలసి వచ్చింది. ఏళ్ళ తరబడి కూడబెట్టిన సామాను, బ్యాంకు డబ్బు వదిలి చేతిసంచితో దిగినవారెందరో! కొన్నేళ్ళకు ఐక్యరాజ్యసమితి సంస్థ ద్వారా పరిహారం వచ్చినా, పోయిన కాలం తిరిగి రాదు కదా.

కనుక అక్కడివారి పొదుపు ఫలించేది స్వగ్రామంలోనే. చిక్కు కూడా అక్కడే. అతడు అక్కడ టీ మానుకుని పంపిన డబ్బు, ఇక్కడ ఫంక్షన్ హాలు అద్దెకు, నలుగురూ చూడాలని వేసిన రెండవ అంతస్తుకు, ఒకరిని చూసి ఒకరు కొన్న సామానుకు పోతే, ఆ పొదుపు అమ్ఘరా గుట్టల్లో మరొక తుక్కు ముక్కే. సంపాదించే చెయ్యి ఒకచోట, ఖర్చుపెట్టే చెయ్యి మరొకచోట ఉన్న కుటుంబంలో పద్దు రాయడం మరీ అవసరం. నెలకొకసారి ఇరువైపులవారు ఒకే లెక్క చూసుకోవాలి. పంపినవారి పేర కొంత విడిగా నిలవ ఉండాలి. దూరాన ఉన్న మన సోదరులకు, అక్కచెల్లెళ్ళకు మన అనుభవం చెప్పే ముక్క ఇదే.

వారికి చెప్పే ముందు మన ఇంటి సంగతి చూసుకోవద్దా? తోటలు విడిచి పట్నాలు చేరాం. కంగాణి లేడు, దుకాణపు పద్దు లేదు అనుకుంటున్నాం. వాయిదాల మీద కొన్న వాహనం, కార్డు మీద చేసిన అప్పు, పరువు కోసం చేసిన పెళ్ళి, ఇవి ఆ పద్దుకు కొత్త పేర్లు కావా? ‘అప్పు చేసి పప్పు కూడు’ అన్న మాట పెద్దలు ఊరకే అనలేదు.

మా అభిప్రాయం స్పష్టంగా చెబుతాం. తిండిలో, మందులో, పిల్లల చదువులో కోత పెట్టి దాన్ని పొదుపు అనవద్దు. మన పెద్దలకు ఆ కోత ఇతరులు పెట్టారు. మనకు మనమే పెట్టుకోనక్కరలేదు. ఇంటిలో ఒక్కరే, సాధారణంగా తల్లి, తన కంచం తగ్గించుకుని మిగిల్చే పద్ధతి పోవాలి. మానుకోవలసినది ఏదో ఇంటివారందరూ కూర్చుని నిర్ణయించాలి. మానుకున్న ప్రతి డాలరుకు ఒక చోటు, ఒక పేరు ఉండాలి. ఇది చదువుకు, ఇది ఇంటికి, ఇది ముసలితనానికి అని. చోటు చూపని డబ్బు మరొక అంగడి వెతుక్కుంటుంది.

వంట బియ్యం నుండి పిడికెడు తీసి వేరే కుండలో వేసే అలవాటు మన ముత్తవ్వలకు ఉండేది. ఆ పిడికెడు వల్ల ఆ పూట ఎవరి కడుపూ మాడలేదు. నెల చివర ఆ కుండే ఇంటిని ఆదుకునేది. ఆ కుండను మన ఇళ్ళలో తిరిగి పెట్టుకుందాం.