తల ఎత్తమ్మా, పెళ్ళికూతురా!

పెళ్ళికూతురు తల వంచుకోవాలన్నది పెద్దలు పెట్టిన నియమం. ఫోటోలో ముఖం పడాలంటే తల ఎత్తాలన్నది వెలుగు పెట్టిన నియమం. ఈ రెండింటి మధ్యా మన అమ్మమ్మలు, ముత్తమ్మమ్మలు ఎంత ఇరుకున పడ్డారో పాత పెళ్ళి ఫోటోలు చూస్తే తెలుస్తుంది. గడ్డం కొంచెం పైకి, కళ్ళు మాత్రం కిందికి. పెద్దల మాటా దక్కింది, ఫోటోగ్రాఫరు మాటా దక్కింది!

1839లో పారిస్‌లో డగేర్ అనే ఆయన ఫోటో తీసే విద్యను లోకానికి వెల్లడించాడు. కొద్ది కాలానికే అది ఓడెక్కి కలకత్తా చేరింది. కరెంటు దీపాలు లేని ఆ రోజుల్లో స్టూడియో అంటే అద్దాల కప్పు వేసిన గది. ఆ అద్దాలు ఎక్కువగా ఉత్తరం వైపు ఉండేవి. అటు నుంచి ఎండ నేరుగా పడదు గనక వెలుగు మెత్తగా, నిలకడగా ఉంటుంది. మనిషి కదిలితే బొమ్మ చెదిరిపోతుందని మెడ వెనక ఇనప ఊత కూడా పెట్టేవారు. పెళ్ళిపీటల మీద అంత బిగుసుకుని ఎవరూ కూర్చుని ఉండరు.

సరే, వెలుగు దొరికింది. మరి పరదా మాటేమిటి? కృష్ణకు అవతల హైదరాబాదులో ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫరు రాజా దీన్ దయాళ్ దీనికో ఉపాయం ఆలోచించాడు. 1892లో ఆడవాళ్ళకోసమే వేరేగా జనానా స్టూడియో తెరిచాడు. చుట్టూ ఎత్తైన గోడలు. లోపల ఫోటోలు తీసేది కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషావిడ. ఘోషా పాటించే గొప్పింటి స్త్రీలు అక్కడ నిశ్చింతగా ముఖం చూపించగలిగారు.

కృష్ణకు ఇవతల, మా పల్నాడులో, ఈ వైభోగం ఎక్కడిది? మాచర్ల, గురజాల చుట్టుపక్కల పల్లెల్లో పెళ్ళికూతురు స్టూడియోకి వెళ్ళడం కాదు, ఫోటోగ్రాఫరే మూడు కాళ్ళ స్టాండు, నల్లగుడ్డ మోసుకుని పెళ్ళింటికి రావాలి. ముహూర్తాలు చూస్తే ఎండాకాలంలో, అందులోనూ చాలావరకు అర్ధరాత్రి, అపరాత్రి. అప్పుడు ఫోటోకి వెలుగు చాలదు. తెల్లవారాక చూస్తే రెంటచింతల ఎండ సంగతి మీకు వేరే చెప్పాలా? నడినెత్తిన సూర్యుడుంటే కళ్ళు రెండూ గుంటలైపోతాయి, ముక్కు కింద నీడ మీసంలా పడుతుంది, కాసులపేరు భగ్గున మెరిసి మెడనే మింగేస్తుంది.

అందుకని పొద్దున్నే, అప్పగింతలకి ముందే, ఆ పని ముగించేవారు. పెళ్ళికూతుర్ని వాకిట్లో కాకుండా వసారా అంచున, నీడలో, వెలుగు ముఖానికి ఒక పక్క నుంచి తగిలేట్టు నిలబెట్టాలి. రెండో పక్క చీకటి పడకుండా తెల్లటి పంచె ఎవరైనా పట్టుకుంటే చాలు. అదీ అక్కర్లేకుండా చేసేది సున్నం కొట్టిన గోడ. పిడుగురాళ్ళ సున్నానికి పేరుమోసిన సీమ మాది. పెళ్ళికని కొత్తగా సున్నం వేసిన ఎదురుగోడ ఎండని తను భరించి, చల్లని వెలుగుని పెళ్ళికూతురి ముఖం మీదికి పంపేది. పెద్ద పట్నాల స్టూడియోలు అద్దాలతో సాధించినదాన్ని మా వాళ్ళు సున్నంతో సాధించారన్నమాట.

పూలజడ ఫోటో మరో తంటా. జడా కనబడాలి, ముఖమూ కనబడాలి. వెనకాల నిలువుటద్దం పెట్టి పిల్లని ఓరగా నిలబెడితే రెండూ ఒకే బొమ్మలో పడతాయి. అద్దంలో ఫోటోగ్రాఫరు కూడా పడకుండా చూసుకోవడంలోనే ఉంది పనితనమంతా!

రంగుల సంగతి ఇంకా చిత్రం. తొలినాటి ఫోటో పలకలు నీలాన్ని బాగా పట్టేవి, పసుపునీ ఎరుపునీ పట్టేవి కావు. అంటే ముఖానికి పచ్చగా పసుపు రాసుకుని కూర్చున్న పెళ్ళికూతురు ఫోటోలో చామనఛాయకి దిగిపోయేది. మధుపర్కాల ఎర్రంచు నల్లంచయ్యేది, కుంకుమ కాటుకయ్యేది. అన్ని రంగుల్నీ పట్టే పలకలు 1906లో అమ్మకానికి వచ్చాయి గానీ, ఎరుపు తెలియని ఫిల్ములు ఆ తర్వాతా చాలాకాలం నడిచాయి. కాబట్టి పాత ఫోటో చూసి ముత్తమ్మమ్మ రంగు తేల్చకండి. నేరం ఆవిడది కాదు, పలకది.

1955లో నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన జరిగింది. మా అమ్మమ్మ పెళ్ళి అంతకు ముందే అయింది. ఆ ఫోటోలో ఆవిడ కళ్ళు కిందికి లేవు, తిన్నగా మనకేసి చూస్తున్నాయి. ఎలా చూశావమ్మా అంత ధైర్యంగా అని ఒకసారి అడిగాను.

"ధైర్యమేముందే? రెండ్రోజులు అందరి పాదాలే చూశాను. ఆ ఫోటో ఆయన తల ఎత్తమ్మా అన్నాడు. నాన్న పక్కనే ఉన్నా ఏమీ అనలేదు. ఎత్తాను. అప్పుడు కనబడ్డారే, నా పెళ్ళికొచ్చిన వాళ్ళంతా!" అంది.

ఫోటో చరిత్ర పుస్తకాల్లో ఈ మాట ఉండదు. పరాయి మగవాడొకడు నలుగురిలో తల ఎత్తమంటే పెద్దవాళ్ళు ఊరుకున్న సందర్భం ఆ రోజుల్లో ఆడపిల్ల జీవితంలో ఇంకేదైనా ఉందా? నాకైతే తోచడంలేదు.

అయినా వెలుగు ముఖాన్ని ఇచ్చిందేగాని పేరుని ఇవ్వలేదు. ఆ ఫోటో వెనక తాతయ్య పేరుంది, ఊరి పేరుంది, తారీఖుంది. అమ్మమ్మ పేరు లేదు. 12వ శతాబ్దంలో పల్నాటి యుద్ధం నడిపించిన నాయకురాలు నాగమ్మ పేరు ఇక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు. ముఖం మాత్రం ఎవరికీ తెలియదు. కళ్ళు మూసుకుంటే కొందరికి 1947 నాటి సినిమాలోని కన్నాంబ, కొందరికి 1966 నాటి భానుమతి కనిపిస్తారు, అంతే. నాగమ్మకి పేరుంది, ముఖం లేదు. మన అమ్మమ్మలకి ముఖముంది, పేరు లేదు.

మీ ఇంట్లో పాత పెళ్ళి ఫోటో ఉంటే ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. పెళ్ళికూతురి పేరు లేకపోతే, చెప్పగలిగినవాళ్ళు ఉండగానే అడిగి రాయండి. పెన్ను వద్దు, సిరా ముందువైపుకి దిగుతుంది. మెత్తని పెన్సిలుతో, గట్టిగా నొక్కకుండా, పుట్టింటి పేరుతో సహా.