సౌదీ చలి: రూము వెచ్చగా ఉండాలి, కరెంటు బిల్లు తగ్గాలి, బొగ్గుల కుంపటి మాత్రం వద్దు

సౌదీ అంటే ఎండే అనుకుని వచ్చినవాళ్లకు డిసెంబర్ నుంచి ఫిబ్రవరి వరకు చలి కొత్తగా ఉంటుంది. రియాద్‌లో రాత్రిళ్లు 10 డిగ్రీల కిందికి దిగుతుంది. తబూక్, హాయిల్, అరార్, ఖురయ్యాత్, తురైఫ్ వైపు సున్నా కిందికీ పోతుంది. మజ్రాల్లో, గొర్రెల దగ్గర, ఇంటి బయట డ్రైవర్ రూముల్లో ఉండేవాళ్లకే కష్టం ఎక్కువ.

కరెంటు ఖర్చని కొందరు రూములో బొగ్గులు వెలిగించుకుని పడుకుంటారు. నిజంగా ఎంత మిగులుతుందో చూద్దాం.

హీటర్ ఖర్చు ఎంత?

ఇళ్లకు నెలకు 6,000 యూనిట్ల వరకు యూనిట్ 18 హలాలాలు, దానిపై 15 శాతం వ్యాట్. 1,500 వాట్ల ఆయిల్ హీటర్ ఆగకుండా 8 గంటలు నడిస్తే 12 యూనిట్లు, అంటే వ్యాట్‌తో కలిపి సుమారు రెండున్నర రియాళ్లు. రూములో నలుగురుంటే ఒక్కొక్కరికి రాత్రికి 62 హలాలాలు. బొగ్గులు కొన్నా డబ్బులు పోయేవే కదా!

ఇంకా తగ్గించుకోవాలంటే

- స్ప్లిట్ ఏసీ రిమోట్‌లో సూర్యుడి గుర్తు ఉందేమో చూడండి. హాట్-కోల్డ్ ఏసీ అయితే మామూలు హీటర్ కంటే చాలా తక్కువ కరెంటుతో అంతే వేడి ఇస్తుంది. 20 డిగ్రీల దగ్గర పెట్టండి.
- హీటర్‌కు థర్మోస్టాట్ ఉంటే మధ్యలో పెట్టండి. రూము వేడెక్కాక అదే ఆగుతుంది.
- విండో ఏసీ చుట్టూ సందులు, తలుపు కింది సందు గుడ్డతోనో అట్టతోనో మూయండి. రూములో గ్యాస్ స్టవ్ ఉంటే గాలి వచ్చే దారి మాత్రం ఉంచండి.
- గీజర్ రోజంతా వేసి ఉంచొద్దు. స్నానానికి అరగంట ముందు చాలు. అందరూ వరసగా స్నానం చేస్తే మళ్లీ మళ్లీ కాగబెట్టే పని ఉండదు.
- నేల మీద పడుకుంటే కింద అట్ట, దాని మీద మందపాటి పరుపు వేయండి.

హీటర్ జాగ్రత్తలు

పాత ఇళ్లలో 127 వోల్టుల ప్లగ్గులు కూడా ఉంటాయి. హీటర్ మీద రాసిన వోల్టేజీ చూసి పెట్టండి. చవక ఎక్స్‌టెన్షన్ బాక్సులో వద్దు, గోడ ప్లగ్గులోనే పెట్టండి. దాని మీద బట్టలు ఆరేయొద్దు. దుప్పటికి కనీసం మూడు అడుగుల దూరం ఉంచండి.

బొగ్గు ఎందుకు ప్రమాదం?

బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ చోటును అది ఆక్రమిస్తుంది. పొగ ఆగిపోయి, నిప్పులు ఎర్రగా ఉన్నప్పుడూ వస్తూనే ఉంటుంది. నిద్రలో ఉన్నవాళ్లకు తెలియకుండానే ప్రాణం పోతుంది. సౌదీ సివిల్ డిఫెన్స్ దీని గురించి చలికాలంలో హెచ్చరిస్తుంటుంది. చలిమంట కాచుకోవాలంటే బయటే. ఆ నిప్పులు రూములోకి, టెంటులోకి, కారులోకి తేవొద్దు.

తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టుండటం దీని గుర్తులు. ఒకేసారి ఇద్దరు ముగ్గురికి ఇలా అయితే అనుమానమే లేదు. వెంటనే అందరినీ బయటి గాలిలోకి తేవాలి. అంబులెన్స్‌కు 997, సివిల్ డిఫెన్స్‌కు 998, రియాద్, మక్కా, తూర్పు ప్రావిన్సుల్లో 911కు ఫోన్ చేయాలి.

హీటర్ లేకపోతే

తగిన వసతి ఇవ్వడం యజమాని బాధ్యత. క్యాంప్ బాస్‌నో కఫీల్‌నో హీటర్, దుప్పట్లు అడగండి. అడిగినట్టు వాట్సాప్ మెసేజ్ ఉంచుకోండి. వినకపోతే కార్మిక శాఖ నంబరు 19911.

ఇంట్లోవాళ్లకు

సెలవు మీద వచ్చి వెళ్లేటప్పుడు పచ్చళ్లతో పాటు ఒక రగ్గు, స్వెటర్, మంకీ క్యాప్ కూడా సర్దండి. ఫోన్‌లో "తిన్నావా?" అని అడిగాక "రూములో బొగ్గులేమైనా పెడుతున్నారా?" అని కూడా అడగండి. ఆ ఒక్క మాట రూములో అందరి ప్రాణాలూ కాపాడొచ్చు.