పాలదాది బిడ్డ ఏమయ్యాడు?

ఇవాళ శుక్రవారం. ఖమీస్ ముషైత్‌లో మధ్యాహ్నం నుంచి వాన. రూములో కూర్చుని ఫోనులో మన రాజమండ్రి గురించిన పాత పుస్తకం ఒకటి చదివాను. నాది పదో తరగతి ఇంగ్లీషు, తెలుగులోకి మార్చుకుంటూ మెల్లగా చదివా.

పుస్తకం పేరు లెటర్స్ ఫ్రమ్ మద్రాస్. 1843లో లండన్‌లో అచ్చయింది. రాసినామె పేరు జూలియా, భర్త జేమ్స్ థామస్ కంపెనీ దొరల కింద జడ్జి. 1836లో ఓడెక్కారు. అప్పటికి సూయెజ్ కాలువ లేదు, ఆఫ్రికా చుట్టూ తిరిగి నాలుగు నెలల ప్రయాణం. 1837లో రాజమండ్రి చేరారు. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలవడానికి ఇంకా పదేళ్ళు ఉంది. ఆ రోజుల్లోనే బౌడెన్, బీర్ అనే ఇద్దరు మిషనరీలు భార్యలతో ఇంగ్లండ్ నుంచి వచ్చి నరసాపురం, పాలకొల్లు వైపు ఉండిపోయారు. జూలియా మిషనరీ కాదు గానీ, భర్తతో కలిసి రాజమండ్రిలో పిల్లలకి బడి పెట్టింది.

ఆమె ఒళ్ళో పసిపాప. పేరు హెన్రియెట్టా. పరాయి దేశం, ఎండలు, జ్వరాలు. అమ్మ దగ్గర లేదు, ఉత్తరం వెళ్ళి జవాబు రావాలంటే నెలలు. ఆ భయం మనకి తెలియనిదా?

పాపకి పాలివ్వడానికి ఒక దాదిని పెట్టుకున్నారు. దాదితో తన తిప్పలు జూలియా ఒక ఉత్తరంలో చెప్పుకుంది. దాది కులం మనిషి వండితేనే తింటుంది, అందుకని ఆమెకోసం వేరే వంటమనిషి. వండుకోవడానికి దొడ్లో కొబ్బరాకుల పాక. ఇంకెవరైనా దగ్గరికొచ్చారని అనుమానమొస్తే రోజంతా పస్తుంటుందట.

ఆ తర్వాత మాట దగ్గర నేను ఆగిపోయాను. దాదికీ ఒక చంటిబిడ్డ ఉంది. ఆ బిడ్డని చూడ్డానికి ఇంకో ఆయాని పెట్టి, జూలియా తనే రోజూ చూసుకునేదట. ఎందుకంటే వేరేవాళ్ళ పిల్లలకి పాలిచ్చే ఈ ఆడవాళ్ళకి సొంత బిడ్డల మీద శ్రద్ధ ఉండదు, గాలికొదిలేసి చంపుకుని, చివరికి మమ్మల్నే శపిస్తారు అని రాసింది.

బిడ్డకి మనిషిని పెట్టింది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ శ్రద్ధ లేదా? పాలు జీతానికి అమ్ముకున్న తల్లి తన బిడ్డకి ఏం పడుతుంది? ఆ ఉత్తరంలో ఆమె పేరూ లేదు, బిడ్డ పేరూ లేదు.

మా చెల్లి సంగతి చెప్తాను. ముప్పై ఏళ్ళు నిండని ఆడవాళ్ళని ఇంటిపనికి గల్ఫు పంపకూడదని మన ప్రభుత్వం నిబంధన. ముప్పై దాటేసరికి మనవైపు దాదాపు అందరూ తల్లులే కదా. మా చెల్లికి ముప్పై ఒకటి, పిల్లాడికి పదకొండు నెలలు. అప్పులున్నాయి. వీసా చూసింది నేనే. రియాద్‌లో ఒక ఇంట్లో చంటిపాపకి స్నానం, పాలసీసా, నిద్రపుచ్చడం అన్నీ మా చెల్లే. మా ఇంట్లో పిల్లాడికి మా అమ్మ పోతపాలు పట్టేది.

ఒకసారి పిల్లాడికి బాగా జ్వరమొచ్చింది. చెల్లి నాలుగు రోజులు ఫోన్ చెయ్యలేదు. "దానికి బిడ్డ ధ్యాసే లేదమ్మా" అన్నాను నేను. తర్వాత తెలిసింది, ఆ ఇంటివాళ్ళు ఫోను తీసి దాచారని.

రెండేళ్ళకి ఇంటికొస్తే పిల్లాడు అమ్మమ్మ చీర వెనక దాక్కుని "ఎవరే ఈ ఆంటీ?" అన్నాడు.

చివరికి జూలియా పాప ఆరోగ్యం కోసం ఇంగ్లండ్ తిరిగి వెళ్ళాలని నిర్ణయించుకుంది. 1840లో ఆమె భర్త చనిపోయాడు. ఆమెవీ కష్టాలే. కానీ బిడ్డ కోసం వెళ్ళిపోవాలని అనుకునే వీలు ఆమెకి ఉంది. దాదికి లేదు. మా చెల్లికీ లేకపోయింది.

నూట ఎనభై ఏళ్ళ కిందట దొరసాని అన్నమాటే నేనూ నా చెల్లిని అన్నాను. మీ ఇంటి నుంచి ఎవరైనా బిడ్డని వదిలి ఇక్కడికొచ్చి ఉంటే ఆ మాట మాత్రం అనకండి. నేను ఇవాళ చెల్లికి ఫోన్ చేసి క్షమించమని అడిగాను. "ఎప్పటి మాట అన్నయ్యా" అంది. మర్చిపోలేదన్నమాట.