రాలిన ఈక, పీకిన ఈక

నెమలి ఈకను పుస్తకంలో దాచి, మేతగా పెన్సిల్ పొట్టు వేస్తే అది పిల్లలు పెడుతుందని మనలో చాలామంది చిన్నప్పుడు నమ్మినవాళ్ళమే. పెద్దయ్యాక ఆ నమ్మకం పోతుంది కానీ దాని స్థానంలో ఇంకోటి వచ్చి కూర్చుంటుంది. ఇంట్లో నెమలి ఈక ఉంటే బల్లులు రావని ఒకరంటారు. ఈకల కట్టతో తల మీద తడితే దిష్టి పోతుందని ఇంకొకరంటారు. 2017 మే 31న రాజస్థాన్ హైకోర్టు న్యాయమూర్తి ఒకాయన, సరిగ్గా పదవీ విరమణ చేసిన రోజున, మగ నెమలి బ్రహ్మచారి అనీ, దాని కన్నీళ్ళు తాగి ఆడ నెమలి గర్భం దాలుస్తుందనీ విలేకరులకు చెప్పారు. దేశమంతా నవ్వింది.

ఇలాంటివాటిని చూసి నవ్వడం తేలిక. అయితే నవ్వేవాళ్ళు కూడా అనుమానించకుండా ఒప్పుకునే మాట ఒకటుంది: "ఈక దానంతట అదే రాలిందండీ, పక్షికేం కాలేదు." ఈ మాటకి నూట పాతికేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది, అది అంత శుభ్రమైన చరిత్ర కాదు.

నేనుండే బచేలి దంతెవాడ జిల్లాలో, బైలాడిలా కొండల కింద ఉంది. ఇక్కడి ఇనుప ఖనిజం కొత్తవలస - కిరండూల్ రైలు మార్గంలో విశాఖపట్నం చేరుతుంది. అదే రైలెక్కి వచ్చిన తెలుగువాళ్ళు ఈ టౌన్‌షిప్‌లో చాలామందిమి ఉన్నాం. మైదాన ప్రాంతం నుంచి వచ్చిన మిత్రులు చాలాసార్లు అడిగే ప్రశ్న ఒకటే: "ఇక్కడివాళ్ళు డాన్సులో పెట్టుకునే ఆ కొమ్ముల టోపీ, పాతది, ఒకటి కొనుక్కోవచ్చా? హాల్లో గోడకు పెట్టుకుంటాం." ఈ వ్యాసం ఆ ప్రశ్నకి నా జవాబు. కాస్త పొడుగు జవాబు.

ఆ టోపీ దండామీ మారియాలది. 1938లో 'బస్తర్ మారియా గోండులు' మీద పుస్తకం రాసిన గ్రిగ్సన్ వీళ్ళని కొమ్ముల మారియాలు అన్నాడు. ఆ తర్వాత వెరియర్ ఎల్విన్ కూడా వీళ్ళ గురించి విస్తారంగా రాశాడు. టోపీకి రెండు వైపులా అడవిదున్న కొమ్ములు, వాటి మధ్య నెమలి ఈకలో కోడి ఈకలో గుచ్చిన కుచ్చు, ముఖం మీదికి తెరలా వేలాడే గవ్వల పేటలు. కొమ్ములు తండ్రి నుంచి కొడుక్కి వస్తాయి. ఇలాంటి శిరోభూషణాలు మనకి కొత్తవి కావు. భద్రాచలం వైపు కొమ్ము కోయ నృత్యంలోనూ తల మీద దున్నకొమ్ములు, నెమలి ఈకలు ఉంటాయి. ఆదిలాబాద్ గోండుల గుస్సాడీ టోపీ అయితే దాదాపు మొత్తం నెమలి ఈకలే. ఆ నృత్యానికి 2021లో పద్మశ్రీ అందుకున్న మర్లవాయి కనకరాజు 2024లో కన్నుమూశారు.

ఈ టోపీల్ని చూసి "ఆటవికం" అన్న తెల్లదొరల ఇళ్ళలో అదే కాలంలో ఏం జరుగుతోందో చూద్దాం.

1886లో ఫ్రాంక్ చాప్మన్ అనే పక్షి శాస్త్రజ్ఞుడు న్యూయార్క్ వీధుల్లో రెండుసార్లు నడిచి ఆడవాళ్ళ టోపీలు లెక్కపెట్టాడు. చూసిన 700 టోపీల్లో 542 టోపీల మీద పక్షులో, వాటి ఈకలో ఉన్నాయి. 40 జాతులని గుర్తుపట్టాడు. అన్నిటికన్నా ఖరీదైనది తెల్లకొంగ కుచ్చు. మనకీ ఇది తెలియని మోజు కాదు. "కలికితురాయి" అని ఎవరినో పొగుడుతుంటాం కదా, ఆ కలికితురాయి తలపాగా మీద నిలబెట్టే ఈకల కుచ్చే. తేడా ఎక్కడొచ్చిందంటే, రాజుగారి తలపాగా ఒకటి, ఫ్యాషన్ టోపీలు లక్షలు.

లండన్ వేలంశాలలో 1902లో అమ్ముడుపోయిన కొంగ ఈకలు 48,240 ఔన్సులు. ఔన్సుకి సుమారు నాలుగు పక్షులు కావాలి. అంటే 1,92,960 కొంగలు. 1913లో హార్నడే అనే అమెరికన్ జంతు శాస్త్రజ్ఞుడు వేసిన లెక్క ఇది. ఇందులోకి రాని సంఖ్య ఒకటుంది. కొంగకి ఆ పొడవాటి సన్నటి ఈకలు గుడ్లు పెట్టి పిల్లల్ని సాకే కాలంలోనే ఉంటాయి. కాబట్టి వేటగాడు గూళ్ళ దగ్గరే కాపు కాసి కాల్చాలి. తల్లీతండ్రీ పోయాక గూట్లో పిల్లలు ఆకలితో చస్తాయి. వాటిని ఎవరూ లెక్కపెట్టలేదు, వాటికి ధర లేదు కనుక.

జనం ప్రశ్నించడం మొదలుపెట్టాక వ్యాపారులు రెండు మాటలు చెప్పారు.

మొదటిది: "ఇవి నకిలీ ఈకలు, పక్షివి కానే కావు." 1890లలో లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం డైరెక్టర్ విలియం ఫ్లవర్ ఆ నకిలీ అన్నవాటిని పరీక్షించి, అవి అచ్చమైన కొంగ ఈకలేనని తేల్చాడు. వింత చూడండి. మామూలుగా నకిలీని అసలని అమ్ముతారు. ఇక్కడ అసలుని నకిలీ అని అమ్మారు, కొనేవాళ్ళ మనస్సాక్షికి నొప్పి తగలకుండా.

రెండవది మనకి తెలిసినదే: "వెనిజులాలో కొంగలు రాల్చిన ఈకల్ని ఏరుకొస్తున్నారు." దీన్ని పరీక్షించడానికి మైక్రోస్కోపు కూడా అక్కర్లేదు, వర్తకుల ధరల పట్టీ చాలు. రాలిన ఈక అరిగి, మట్టిపట్టి, చివర్లు చిట్లి ఉంటుంది. వ్యాపారంలోనే దానికి "చచ్చిన ఈక" అని పేరు, ధర చాలా తక్కువ. ఎక్కువ ధర పలికినవి మెరిసే, చెక్కుచెదరని ఈకలు, అంటే చంపిన పక్షివి. రాలిన ఈకలతోనే వ్యాపారం నడిచి ఉంటే అంత ధర పలికే సరుకు బజారుకి ఎక్కడి నుంచి వచ్చినట్టు?

ఆ తర్వాత చట్టాలు వచ్చాయి. 1902లో భారత ప్రభుత్వం అడవి పక్షుల చర్మాలు, ఈకల ఎగుమతిని నిషేధించింది. కానీ లండన్‌లో దిగుమతి నేరం కాదు. ఇక్కడ తలుపు మూసి అక్కడ బజారు తెరిచి ఉంచితే దొంగరవాణా ఆగుతుందా? బ్రిటన్ దిగుమతి నిషేధ చట్టం చెయ్యడానికి 1921 దాకా పట్టింది. అందులోనూ ఈకల టోపీ పెట్టుకోవడం, అమ్మడం నేరం కాలేదు. అమెరికా 1918లో వలస పక్షుల చట్టం చేసింది.

ఇప్పుడు మన చట్టానికి వద్దాం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 'ట్రోఫీ' అన్న మాటకి ఇచ్చిన నిర్వచనంలో కొమ్ము, గోరు, దంతంతో పాటు ఈక కూడా ఉంది. నా దృష్టిలో దీంట్లో ముఖ్యమైనది 57వ సెక్షన్. కేసులో ఫలానా ట్రోఫీ నీ దగ్గర ఉందని రుజువైతే, అది అక్రమంగానే ఉందని కోర్టు అనుకుంటుంది. కాదని రుజువు చేసుకునే భారం నీదే. మామూలు నేర విచారణలో నిందితుడు నిర్దోషి అన్న భావనతో మొదలుపెడతాం. ఇక్కడ అలా కాదు. మొదటిసారి చదివినప్పుడు ఇది అన్యాయం అనిపిస్తుంది. కానీ కొంగ ఈకల చరిత్ర చదివాక కారణం అర్థమవుతుంది. "రాలింది", "తాతలనాటిది", "నకిలీది" - ఈ మూడూ చెప్పడానికి ఖర్చు లేని మాటలు. కాదని నిరూపించడం మాత్రం ఇంచుమించు అసాధ్యం. గాల్లోంచి విభూతి తీశానన్నవాణ్ణి మనం అడిగేది కూడా ఇదే కదా: అన్నది నువ్వు, చూపించాల్సిందీ నువ్వే.

ఈ చట్టంలో ఒక మినహాయింపు ఉంది. నెమలి తోక ఈకలకీ, వాటితో చేసిన వస్తువులకీ దేశంలో అమ్మకం నిషేధం వర్తించదు. ఎగుమతికి మాత్రం అనుమతి లేదు. (శాస్త్ర ప్రకారం అవి తోక ఈకలు కూడా కావు, తోకని కప్పి ఉండే పై ఈకలు. చట్టానికి ఆ పట్టింపు లేదు.) మగ నెమలి ఏటా వానల తర్వాత ఈ ఈకల్ని నిజంగానే రాలుస్తుంది, 150 నుంచి 200 దాకా. కాబట్టి గుస్సాడీ టోపీ కేవలం రాలిన ఈకలతో చెయ్యడం పూర్తిగా సాధ్యమే. సాధ్యం కావడం వేరు, బజారులో ఉన్న ప్రతి కట్టా అలా వచ్చిందే కావడం వేరు. ఈక మొదలు చూస్తే కొంత తెలుస్తుంది. సహజంగా రాలినది శుభ్రంగా ఉంటుంది, పీకినదానికి రక్తమో కండో అంటి ఉండే అవకాశం ఉంది. మరి మొదలు కత్తిరించి అమ్మితే? సాక్ష్యం కత్తెరతో పాటే పోతుంది. కొనే ముందు మొదలు ఉందో లేదో చూడండి.

పాలపిట్టకి ఈ మినహాయింపు కూడా లేదు. తెలంగాణ రాష్ట్ర పక్షి అది. దసరా నాడు దాన్ని చూస్తే శుభమని, పట్టి పంజరంలో పెట్టి డబ్బులు తీసుకుని చూపిస్తారు. మన శుభం కోసం పక్షికి జైలు.

మరి నిజంగా పాతవైన ఈకల సంగతేమిటి? చచ్చి నూరేళ్ళయిన పక్షికి కొత్తగా వచ్చే నష్టమేమిటి? ఈ ప్రశ్న అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. గద్ద ఈకలున్న పాత ఆదివాసీ కళావస్తువులు అమ్మే వర్తకులు, చట్టానికి ముందు నాటి ఈకల్ని అమ్ముకోనివ్వమన్నారు. 1979లో కోర్టు కుదరదంది. ఉంచుకోవచ్చు, దానం చెయ్యవచ్చు, టికెట్ పెట్టి ప్రదర్శించుకోవచ్చు, అమ్మకూడదు. పాతదానికి ధర ఉంటే కొత్తదాన్ని పాతది అనిపించేవాడు పుట్టుకొస్తాడు కాబట్టి ఆ గీత అవసరమే. న్యూజిలాండ్ హుయా పక్షినే తీసుకోండి. 1901లో అక్కడికి వెళ్ళిన బ్రిటిష్ యువరాజు దాని ఈకని టోపీకి పెట్టుకున్నాక మోజు పెరిగింది. ఆ పక్షి చివరిసారి రూఢిగా కనిపించింది 1907లో. 2024 మేలో ఒక్క హుయా ఈక వేలంలో 46,521 న్యూజిలాండ్ డాలర్లు పలికింది.

ధర ఒక్కటే కాదు, చీటీ కూడా ముఖ్యం. 2009లో ఇంగ్లండ్‌లోని ట్రింగ్ మ్యూజియం నుంచి ఒక కుర్రాడు 299 పక్షి చర్మాలు దొంగిలించాడు. ఈకలు గాలాలకు కట్టే ఎరల కోసమట. వాటిలో కొన్ని డార్విన్ సమకాలికుడైన వాలెస్ స్వయంగా సేకరించినవి. దొరికిన చర్మాల్లో చాలావాటికి చీటీలు లేవు. ఎక్కడ, ఎప్పుడు దొరికిందో తెలియని ఈక అందమైన చెత్తగానే మిగులుతుంది. చీటీ ఉన్న పాత ఈకల్లో పాదరసం కొలిచి, నూరేళ్ళలో సముద్రం ఎంత కలుషితమైందో చెప్పగలిగారు శాస్త్రజ్ఞులు.

ఇక మిత్రుల ప్రశ్నకి సూటి జవాబు. మారియా టోపీలో నెమలి ఈకల వరకు ఇబ్బంది లేదు. కానీ అడవిదున్న మొదటి షెడ్యూలు జంతువు. దాని కొమ్ములు కొనడం నేరం, అమ్మడం నేరం. ఉన్నవాళ్ళు 1972 చట్టం వచ్చినప్పుడు 30 రోజుల్లో, 2003లో ఇచ్చిన మరో అవకాశంలో 180 రోజుల్లో ప్రకటించి యాజమాన్య పత్రం తీసుకోవాల్సింది. వారసత్వంగా వస్తే 90 రోజుల్లో తెలియజేయాలి. వద్దనుకుంటే, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం అటవీ శాఖకి అప్పగించవచ్చు. పరిహారం రాదు.

ఇక్కడే నాకు పేచీ ఉంది. గెజిట్ చదివే అలవాటు ఎవరికుంటుంది? కోటలో గోడ నిండా పులితలలు వేలాడదీసిన జమీందారు వకీలుకి ఉంటుంది. బైలాడిలా వెనకున్న ఊళ్ళో, ముత్తాత కొమ్ముల్ని చూరులో జాగ్రత్తగా దాచుకున్న మారియా రైతుకి ఎందుకుంటుంది? సరదా కోసం చంపినవాడి దగ్గర కాగితం ఉంది, వారసత్వంగా కాపాడుకున్నవాడి దగ్గర లేదు. రుజువు అడగాల్సిందే, అందులో వెనక్కి తగ్గను. కానీ కాగితం ఒక్కటే రుజువనడం హేతువాదం కాదు, గుమాస్తాతనం. గ్రిగ్సన్, ఎల్విన్ రాతలూ ఫోటోలూ ఉన్నాయి. కొమ్ముల వయసు అంచనా వేసే పద్ధతులున్నాయి. ఊరంతా చెప్పే సాక్ష్యం ఉంది. ప్రభుత్వం వాళ్ళ గుమ్మం దగ్గరికే వెళ్ళి ఆ వస్తువుల్ని నమోదు చేసి, వాళ్ళ దగ్గరే ఉండనివ్వాలి.

చూడాలనుకునేవాళ్ళు జగదల్‌పూర్‌లో ఆంత్రోపలాజికల్ సర్వే వారి మ్యూజియంకి వెళ్ళండి. ఇంట్లో తాతల నాటి ఈకల తురాయి ఏదైనా ఉంటే ఉత్త చేతులతో ముట్టుకోకండి. పాతకాలంలో పురుగు పట్టకుండా ఆర్సెనిక్ పూసేవాళ్ళు. దాని ఫోటో తీయండి, ఎవరి నుంచి ఎప్పుడు వచ్చిందో ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే రాసి పెట్టండి, అటవీ శాఖని లిఖితపూర్వకంగా అడగండి. ఎవరైనా "దానంతట అదే రాలిందండీ" అంటే తగువు పెట్టుకోనక్కర్లేదు. ఎలా తెలుసని అడగండి చాలు.