గుండె ధమనికి చిల్లు: ఒక అపాయం చరిత్ర

గన్నవరం నుంచి ఛాతీనొప్పితో విజయవాడ వెళ్లిన రోగికి స్టెంటు వేయాలంటే ముందుగా అంగీకార పత్రంపై సంతకం చేయాలి. అందులో రాసే అపాయాల్లో ధమనికి చిల్లు పడటం ఒకటి. ఆ కంగారులో దాన్ని చదివే ఓపిక ఎవరికి ఉంటుంది? శాసనాన్ని చదివినట్టే మీరు ఆ పత్రాన్ని కూడా చదవవచ్చు. ఈ పాఠంలో ఆ ఒక్క మాట చరిత్ర చూద్దాం.

1929లో జర్మనీలో వెర్నర్ ఫోర్స్‌మన్ తన చేతి సిర గుండా గుండె దాకా సన్నని గొట్టాన్ని పంపుకొని ఎక్స్‌రే తీయించుకున్నాడు. ఆ పనికి నోబెల్ బహుమతిలో వాటా 1956లో గాని రాలేదు. అయితే ఆ గొట్టం చేరింది గుండె గదిలోకి. కొద్ది మిల్లీమీటర్ల వెడల్పు ఉండే హృదయ ధమనుల జోలికి పోలేదు. 1977 సెప్టెంబరు 16న జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రూంట్‌జిగ్ మెలకువగా ఉన్న రోగి ధమనిలో బెలూన్ ఉబ్బించి అడ్డంకిని తొలగించాడు. అవసరమైతే ఆపరేషన్ చేయడానికి శస్త్రవైద్యులు సిద్ధంగా ఉన్నారు. ఆ ఏర్పాటును విజయగాథలు ఒక్క వాక్యంలో దాటేస్తాయి. నా దృష్టిలో అసలు చరిత్ర అక్కడే ఉంది.

తర్వాత గట్టిపడిన కొవ్వును కోసే, అరగదీసే పరికరాలు వచ్చాయి. 1994లో స్టీఫెన్ ఎల్లిస్ బృందం 11 కేంద్రాల లెక్క ప్రచురించింది: 12,900 చికిత్సల్లో 62 చిల్లులు. అంటే వెయ్యికి అయిదు. బెలూన్‌తో 0.1 శాతమే, కొత్త పరికరాలతో 1.3 శాతం. మొండి అడ్డంకులను తొలగించగల పరికరమే గోడనూ ఎక్కువగా చీల్చింది. ఆ బృందం చిల్లులను మూడు రకాలుగా విభజించింది. మూడో రకంలో రక్తం ధారగా బయటికి వస్తుంది. గుండె చుట్టూ ఉన్న సంచి త్వరగా సాగదు కనుక అందులో కొద్దిపాటి రక్తం చేరినా గుండె నిండటానికి చోటుండదు. దీన్నే టాంపొనేడ్ అంటారు. పైగా చికిత్స కోసం ఇచ్చిన హెపారిన్ రక్తాన్ని గడ్డకట్టనివ్వదు.

అప్పుడు చిల్లు దగ్గర బెలూన్‌ను ఉబ్బించి ఉంచుతారు. హెపారిన్‌కు విరుగుడుగా ప్రోటమిన్ ఇస్తారు. సంచిలోకి సూది పంపి రక్తం తోడతారు. పొర తొడిగిన స్టెంటు వచ్చాక చాలా చిల్లులను లోపలి నుంచే మూయగలుగుతున్నారు. అది కుదరనప్పుడు శస్త్రచికిత్సే దిక్కు. సన్నని గైడ్‌వైరు కొనతో ధమని చివర పడిన చిల్లు మాత్రం మొదట కనిపించకపోవచ్చు. కొన్ని గంటల తర్వాత రక్తపోటు పడిపోయాకే తెలుస్తుంది. చికిత్స బాగా జరిగిందని చెప్పాక కూడా రోగిని ఆ రాత్రి పరిశీలనలో ఉంచడానికి ఇదొక కారణం.