నాకంత తెల్వదు మేడమ్

రెండేళ్ళ కిందటి మాట. ఎం.ఏ. చరిత్ర విద్యార్థుల సెమినార్లు జరుగుతున్నాయి. పాలమూరు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి కాగితాలు పట్టుకుని లేచింది. వలస కూలీల ఇంట్లో పుట్టి, సర్కారు బడిలో తెలుగు మీడియం చదివి, ఆ ఇంటి నుంచి మొదటిసారి యూనివర్సిటీ మెట్లెక్కిన పిల్ల. "నాకంత తెల్వదు మేడమ్" అంటూ మొదలుపెట్టింది. వెనక బెంచీల్లోంచి నవ్వులు. పదిహేను నిమిషాల పేపర్ని అయిదు నిమిషాల్లో గబగబా చదివేసి కూర్చుంది. ఆ సాయంత్రం మార్కుల కాగితం మీద నేను "విషయం బాగుంది, ఆత్మవిశ్వాసం లేదు" అని రాశాను.

వారం తర్వాత ఆమె నా గదికి వచ్చింది. "ఆత్మవిశ్వాసం యాడికెళ్ళి తెచ్చుకోవాలె మేడమ్?" అనడిగింది. అందులో వెటకారం లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. చదువు మానేసి ఊరెళ్ళిపోదామనుకుంటున్నానని కూడా చెప్పింది. నా దగ్గర జవాబు లేదు.

మా దగ్గర ఏటా వ్యక్తిత్వ వికాసం క్లాసులు పెడతారు. అద్దం ముందు నిలబడి మాట్లాడమంటారు. భుజాలు నిటారుగా పెట్టమంటారు. ఆత్మవిశ్వాసం మీ లోపలే వుంది, బయటికి తీయండి అంటారు. అందరి లోపలా వుండేదే అయితే, కొందరిలోంచే ఎందుకు బయటికొస్తుంది? మిగిలినవాళ్ళు ఎప్పుడూ పల్లెల వాళ్ళూ, కింది కులాల వాళ్ళూ, ఆడపిల్లలే ఎందుకవుతారు? చరిత్ర చెప్పుకుని బతికేదాన్ని కనక నాకలవాటైన దారిలోనే వెతికాను. ఆడవాళ్ళకి తమ మీద తమకి నమ్మకం లేదనే మాట ఎక్కడి నుంచి వచ్చింది?

భండారు అచ్చమాంబ దగ్గరికి వెళ్ళాను. 1874లో పుట్టిన ఆమె బడి ముఖం చూడలేదు. చిన్నప్పుడే పెళ్ళయింది. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని చదువు నేర్చుకుంది. ఆడవాళ్ళు బలహీనులు, వివేకం లేనివాళ్ళు, చదివిస్తే చెడిపోతారు అని లోకం అంటుంటే ఆమె ఏం చేసింది? 'అబల' అన్న మాటని పుస్తకం పేరులోనే పెట్టి, 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' ప్రచురించింది. ఒక్కొక్క స్త్రీ కథా వెతికి, రాసి, వరసగా పేర్చింది. ఆ నిందలు అబద్ధమని చూపడమే తన ఉద్దేశమని ముందే చెప్పుకుంది. ధైర్యంగా వుండండి అని ఉపదేశమిచ్చి వూరుకోలేదు, రుజువులు చేతిలో పెట్టింది. మర్నాడే, 1902లో, ఓరుగంటి సుందరీరత్నమాంబతో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీల సమాజం స్థాపించింది అన్నంత వెంటవెంటనే జరిగాయి ఈ రెండూ. నమ్మకానికి పుస్తకమొక్కటే చాలదు, కలిసి కూర్చునే చోటు కూడా కావాలని ఆమెకి తెలిసినట్టే వుంది.

తర్వాత దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1923 కాకినాడ కాంగ్రెస్ సందర్భంలో టికెట్ లేదని నెహ్రూనే గుమ్మం దగ్గర ఆపిన పద్నాలుగేళ్ళ పిల్ల. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళి వచ్చిన మనిషి. ఈమెకి ఆత్మవిశ్వాసం లేదని ఎవరనగలరు? అయినా 1930లలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదవాలని వస్తే అడ్డుపడింది ఏమిటి? ఆడపిల్లలకి హాస్టల్ లేకపోవడం. ఆమె పత్రికలో ప్రకటన ఇచ్చింది. హాస్టల్ లేక చదువు ఆగిపోయిన అమ్మాయిలుంటే రమ్మంది. వాళ్ళొచ్చారు. అందరూ కలిసి తామే హాస్టల్ నడుపుకున్నారు.

ఈ కథని మనం సాధారణంగా ఆమె పట్టుదలకి ఉదాహరణగా చెప్పుకుంటాం. నాకు మాత్రం ఆ ప్రకటన చూసి వచ్చిన అమ్మాయిలే గుర్తుంటారు. ప్రకటన పడేదాకా వాళ్ళంతా ఇళ్ళల్లోనే వున్నారు. అప్పుడు ఎవరైనా చూసివుంటే వీళ్ళకి పైచదువుల మీద ఆసక్తి లేదు, చొరవ లేదు అనే రాసుకునేవారు. నిజానికి లేనిది వుండడానికి గది.

ఇది మన ఒక్కరి కథే కాదు. కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి కాదంబినీ గంగూలీ, చంద్రముఖీ బసు 1883లోనే పట్టభద్రులయ్యారు. కేంబ్రిడ్జిలో పక్కపక్కనే చదివి పరీక్షలు రాసిన ఆడవాళ్ళకి మగవాళ్ళతో సమానంగా డిగ్రీ ఇచ్చింది 1948లో. అన్నేళ్ళు డిగ్రీ దక్కనివాళ్ళ తలలు వంగి వుంటే ఆ దోషం వాళ్ళ మెడలదా?

ఇక నా కథ. 1983లో వరంగల్ దగ్గరి పల్లె నుంచి నేను చదువుకోడానికి వచ్చినప్పుడు నేనూ 'తెల్వదు' అన్నదాన్నే. ఒక అధ్యాపకుడు నా చేత ఆ మాట నాలుగుసార్లు అనిపించి క్లాసంతటినీ నవ్వించాడు. ఆరునెలలు నోరు తెరవలేదు. మళ్ళీ తెరిచేసరికి 'తెలీదు' అంటున్నాను. నాకు కాన్ఫిడెన్స్ పెరిగిందని అందరూ మెచ్చుకున్నారు. నేనూ నమ్మాను. ఆ రోజు సెమినార్లో ఆ పిల్ల నోట నేను పారేసుకున్న మాట వినపడితే, దాన్ని గుర్తుపట్టకపోగా మార్కు తగ్గించాను.

పారేసుకున్నది ఎక్కడ దొరుకుతుందో నాకు ఒకప్పుడు తెలుసు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివిన రాత్రి నిద్రపట్టలేదు. తెలంగాణ సాయుధ పోరాటంలో వున్న చాకలి ఐలమ్మ, మల్లు స్వరాజ్యం లాంటి వాళ్ళు తమ మాటల్లో తమ బతుకు చెప్పుకున్నారందులో. మా అమ్మమ్మ మాట్లాడినట్టు మాట్లాడేవాళ్ళు పుస్తకంలో వున్నారు! ఆ అక్షరాలు చూశాక నా వీపు దానంతటదే నిటారైంది. 1924లో మొదలైన కోఠీ మహిళా కళాశాల విశ్వవిద్యాలయమై, 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టుకుంది. సంతోషమే. కానీ గేటు మీద పేరు రాయడం సులువు. గేటు లోపల ఆమె లాంటివాళ్ళ మనవరాళ్ళు ఆమె భాషలో మాట్లాడితే ఏ విశ్వవిద్యాలయమైనా ఎలా వింటుందన్నదే ప్రశ్న.

ఆ అమ్మాయిని మళ్ళీ పిలిచాను. ముందు క్షమాపణ చెప్పాను. "ఆ పేపర్ ఎక్కడ రాశావు?" అనడిగాను. హాస్టల్ మెట్ల మీదట. గదిలో ఆరుగురు, బల్ల ఒక్కటే. లైబ్రరీ పదింటిదాకా వున్నా ఆడపిల్లల హాస్టల్ గేటు ఎనిమిదింటికే మూస్తారు. ఇన్నేళ్ళ నుంచి అక్కడ పాఠం చెప్తూ నేను ఈ సంగతి అడగనైనా అడగలేదు. అచ్చమాంబ గురించీ, దుర్గాబాయి హాస్టల్ గురించీ చెప్పాను. వింది. "గట్లయితే మేం గూడ గేటు సంగతి అడగొచ్చు గద మేడమ్" అంది. అడిగారు, నలభై మంది సంతకాలు పెట్టి. గేటు టైము తొమ్మిదిన్నర అయింది. పది కాలేదింకా.

ఆమె చదువు మానలేదు. డిసర్టేషన్‌కి తమ వూరి ఆడవాళ్ళ వలస తీసుకుంది. గుంపు మేస్త్రి వెంట ఏ ఏ వూళ్ళు తిరిగిందో, ఎక్కడ ఎంత కూలి ముట్టిందో తల్లిని కూర్చోబెట్టి అడిగి రాసుకుంది. వైవా రోజున లేచి నిలబడి మళ్ళీ అదే మాటతో మొదలుపెట్టింది. "నాకంత తెల్వదు మేడమ్. మా అమ్మకు తెలుసు. ఆమె చెప్పింది రాసిన."

వెనక ఎవరో నవ్వారు. ఆమె ఆగలేదు.

ఆ రోజు నుంచి మార్కుల కాగితం మీద 'ఆత్మవిశ్వాసం లేదు' అని రాయడం మానేశాను. అలా రాయబుద్ధయినప్పుడల్లా ఆ పిల్లని పిలిచి, ఎక్కడ కూర్చుని చదువుతున్నావమ్మా అని అడుగుతున్నాను.